పేరు చెప్పని మందు

2006వ సంవత్సరం, మామిడికాయల కాలం. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రి వెనక సందులో అప్పటికీ ఇప్పటికీ నాది ఒక మెస్సు. ముందు వసారాలో భోజనాలు, వెనక వరసగా నాలుగు గదులు. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ మళ్ళీ చూపించుకోవలసినవాళ్ళు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు ఆ గదుల్లో ఉంటారు. కొండకు వచ్చే యాత్రికులకు నేను గది ఇవ్వను. వాళ్ళకు ఊరంతా లాడ్జీలు ఉన్నాయి. రోగంతో వచ్చినవాళ్ళకే తల దాచుకునే చోటు ఉండదు.

మెస్సు అంటే వండి వడ్డించడమే కదా అంటారు చాలామంది. రోగుల మెస్సు అట్లా కాదు. ఆసుపత్రిలో ‘డైట్’ అని రాసిస్తారు. ఏ రోగి ఏం తినవచ్చు, ఏం తినకూడదు అనేది అందులో ఉంటుంది. ఒకరికి ఉప్పు తగలకూడదు, ఒకరికి చక్కెర కూడదు, ముక్కులో గొట్టం ఉన్నవాళ్ళకు గంజి గుడ్డలో వడకట్టి పలచగా ఇవ్వాలి. నేను చదివింది ఐదో తరగతి వరకే. ఈ సంగతులన్నీ వడ్డించి వడ్డించి వచ్చినవే. నా దగ్గర వృథా కుదరదు. ఎంత కావాలో అడిగి అంతే పెడతాను. పెట్టింది మిగల్చకుండా తినాలి. ఇందుకు నన్ను పిసినారి అన్నవాళ్ళు ఉన్నారు, నా ఎదురుగానే.

ఆ కాలంలో ఒకనాటి ఉదయం మెదడు డాక్టరు వసంతమ్మ స్వయంగా మా వసారాలోకి వచ్చింది. మదనపల్లె తట్టు మనిషి. ఎంత చదివినా మాట మాత్రం మన మాటే. ఆమె వెనక ముగ్గురు ఉన్నారు. తలకు చీరచెంగు చుట్టుకున్న ముప్పై ఏళ్ళ రెడ్డెమ్మ, ఆమె భర్త గంగాధరం, ఆమె అత్త చెంగమ్మ. పాకాల దగ్గర ఒక పల్లె. చెరకు పండించి బెల్లం వండుకునే కుటుంబం. పిల్లలిద్దరినీ రెడ్డెమ్మ పుట్టింట్లో వదిలిపెట్టి వచ్చారు.

“పెద్దమ్మా, వీళ్ళకొక గది కావాల. కొన్నాళ్ళు ఉంటారు. ఈ రెడ్డెమ్మ పాపకు అన్నం జాగ్రత్తగా పెట్టాల,” అంది డాక్టరమ్మ.

రెడ్డెమ్మను గదిలో పడుకోబెట్టి వచ్చాక, గంగాధరాన్ని బల్ల మీద కూర్చోబెట్టి ఆమె అన్నీ విడమరిచి చెప్పింది. నేను అక్కడే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. నా ముందు చెప్పవచ్చునా అని ఆమె అతన్ని అడిగింది. అతను తల ఊపాడు. అందుకే ఈ సంగతులు నాకు తెలుసు.

బెల్లం పెనం దగ్గర పొంగు చూస్తుండగా రెడ్డెమ్మ చేతిలోంచి తెడ్డు జారిపోయింది. ఆ తర్వాత ఫిట్స్ వచ్చాయి. స్కానింగులో మెదడులో గడ్డ కనిపించింది. వసంతమ్మే ఆపరేషన్ చేసి తీయగలిగినంత తీసింది. పల్లెల్లో ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ కూడా అయింది. కానీ అది ‘గ్రేడ్ ఫోర్’ గడ్డ. మెదడు గడ్డలకు డాక్టర్లు ఒకటి నుంచి నాలుగు దాకా మెట్లు పెట్టుకున్నారు. నాలుగోది అన్నింటికంటే మొండిది. తీసినా మళ్ళీ మొలుస్తుంది.

“మద్రాసులో ఒక ఆసుపత్రిలో ట్రయల్ జరుగుతాండాది,” అంది డాక్టరమ్మ. ట్రయల్ అంటే ఒక మందు పనిచేస్తుందో లేదో మనుషుల మీద, వాళ్ళ ఒప్పుదలతో చూసే పరీక్ష. “మన ఒంట్లో కాపలా కాసే కణాలు ఉంటాయి గంగాధరం. చేనికి కావలోడు ఉన్నట్టు. బయట నుంచి పంది వస్తే కావలోడు తరుముతాడు. ఈ గడ్డ బయట నుంచి వచ్చిన పంది కాదు. మన కొట్టంలో పుట్టిన ఎద్దే పిచ్చెక్కి చేను మేస్తాండాది. కావలోడు దాన్ని చూసి మనదే గదా అని వదిలేస్తాడు. అందుకని ఏం చేస్తారంటే, రెడ్డెమ్మ రక్తంలోంచి ఆ కణాలను కొన్ని తీస్తారు. ఆపరేషన్లో తీసిన గడ్డ ముక్కను ఐసులో పెట్టి అప్పుడే పంపించినాము గదా, దాన్ని ఆ కణాలకు చూపిస్తారు. ఇదిగో, దీన్నే తరమాల అని నేర్పించి, మళ్ళీ ఆమెకే సూదిమందుగా వేస్తారు.”

“నయమవుతాదా మేడమ్?”

“తెలీదు నాయనా. తెలిసుంటే దాన్ని ట్రయల్ అనరు, వైద్యం అంటారు. మీ కాడ ఏమీ తీసుకోరు. అది ఒక్కటి మాత్రం తెలుసు.”

ఒక షరతు ఉంది. ఆపరేషన్ అయినప్పటి నుంచి రెడ్డెమ్మ ‘స్టెరాయిడ్’ మాత్ర వాడుతోంది. మెదడులో వాపు తగ్గించే మాత్ర. అది లేకపోతే తలనొప్పి, వాంతులు. అది ఉంటే మాత్రం కావలివాడికి కల్లు పోసి పడుకోబెట్టినట్టే. అందుకే మద్రాసులో రక్తం తీసేనాటికి ఆ మాత్ర మెల్లమెల్లగా తగ్గించి పూర్తిగా ఆపేయాలి. ఆపి కొన్నాళ్ళు ఆమె నిలదొక్కుకుంటేనే ట్రయల్‌లో చేర్చుకుంటారు.

లేస్తూ డాక్టరమ్మ అడిగింది. “రెడ్డెమ్మకు ఈ గడ్డ సంగతి చెప్పినావా?”

“లేదు మేడమ్. తలలో నీరు చేరిందని చెప్పినాము. ఉన్నది చెప్తే దిగులుతోనే పోతాది.”

“మద్రాసులో ఆమెకు చెప్పే ఆమె సంతకం తీసుకుంటారు. అంతలోపల నువ్వే నిదానంగా చెప్పు,” అని ఆమె వెళ్ళిపోయింది.

గంగాధరం చెప్పలేదు. మా తట్టు ఎవరూ చెప్పరు. పెద్ద జబ్బు వస్తే ఊరందరికీ చెబుతారు, బంధువులకు కబురు పంపుతారు, జబ్బు ఎవరికి వచ్చిందో వాళ్ళకు మాత్రం చెప్పరు. దాన్ని ప్రేమ అంటారు.

రెడ్డెమ్మ నోరున్న మనిషి. మొదటి రోజుల్లో మంచం మీదే సగం పడుకుని తిన్నా, మాటకు మాత్రం తక్కువ లేదు.

“అమ్మా, ఆ గరిటె నీకు పుట్టింటోళ్ళు బంగారంతో చేయించి ఇచ్చినారా? అంత జాగ్రత్తగా వంచుతాండావు,” అంది ఒకరోజు.

“పప్పు అడుగులో ఉంటాదమ్మా, నీళ్ళు పైన ఉంటాయి. తొందరపడితే నీకు నీళ్ళే వస్తాయి,” అన్నాను.

“అట్లయితే నిదానంగానే వంచు తల్లీ. నీరు నా తలకాయలోనే శానా ఉండాదంట,” అని నవ్వింది.

గంగాధరం లేచి బయటికి వెళ్ళిపోయాడు.

మాత్ర సగానికి తగ్గించారు. డాక్టరమ్మ చెప్పినట్టే రెడ్డెమ్మకు నీరసం వచ్చింది. తల పట్టుకుని కూర్చునేది. అన్నం రెండు ముద్దలకు మించి పోయేది కాదు. వేరుశనగల ఊరిబిండి పచ్చడి నంజుకుంటే తప్ప రాగిసంగటి దిగేది కాదు. చెంగమ్మ ఆ రోజుల్లో మెస్సు గడప మీద కూర్చుని ఎటో చూస్తుండేది. ఆమెకూ నాకూ ఇంచుమించు ఒకటే వయసు. నన్ను ‘అక్కా’ అనేది. ఒకరోజు పొద్దున్నే వచ్చి, కోడలికి రాగి అంబలి తానే కాచి ఇస్తానని, పొయ్యి మీద కాస్త చోటు ఇమ్మని అడిగింది. నా పొయ్యి దగ్గరికి నేను ఎవరినీ రానివ్వను. కానీ ఊరి నుంచి పిండి వాళ్ళే తెచ్చుకున్నారు, రెడ్డెమ్మకు అన్నం ఎటూ పోవడం లేదు. సరేనన్నాను.

అంబలి మొదలయిన కొద్దిరోజులకే రెడ్డెమ్మ తేరుకుంది. తలనొప్పి పోయింది. లేచి వసారాలోకి వచ్చి బల్ల దగ్గర కూర్చుని తినడం మొదలుపెట్టింది. రెండు ముద్దలు నాలుగయ్యాయి. అన్నం అయ్యాక సంగటి అడిగేది, సంగటి అయ్యాక మజ్జిగన్నం అడిగేది. చెంపలు నిండాయి. ఈలోపల మాత్ర పూర్తిగా ఆపేశారు. ఆపినా మనిషి చెక్కుచెదరలేదు. గంగాధరం అలిపిరి దాకా నడిచి వెళ్ళి మెట్ల దగ్గర టెంకాయ కొట్టి వచ్చాడు. వసారాలో తినేవాళ్ళంతా రెడ్డెమ్మను చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్ళు. నేను కూడా సంతోషించాను. సంతోషించినందుకు ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మద్రాసు ప్రయాణం ఇక వారంలోకి వచ్చిందనగా డాక్టరమ్మ ఆమెను ఆసుపత్రికి పిలిపించి పరీక్షలు చేసింది. రక్తంలో చక్కెర పెరిగి ఉంది. ముఖం గుండ్రంగా నిండింది, చేతులు మాత్రం సన్నబడ్డాయి. స్టెరాయిడ్ వాడేవాళ్ళ వాలకం అంతా ఉంది. అక్కడున్న చిన్న డాక్టరు ఒకడు గంగాధరం మీద అరిచాడట. “మాత్ర ఆపినామని అబద్ధం చెప్తే మీకే నష్టం. మీ పల్లెటూరోళ్ళతో ఇదే గోల,” అని. గంగాధరం పిల్లల మీద ఒట్టు పెట్టాడు. అతను చెప్పింది నిజమే. మాత్ర ఆపిన నాడే మిగిలినవాటిని అతనే డాక్టరమ్మ చేతికి తిరిగి ఇచ్చేశాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మ మా మెస్సుకు వచ్చింది. “పెద్దమ్మా, రెడ్డెమ్మ ఎట్లా తింటాండాది?” అని అడిగింది.

“మొదట వచ్చినప్పటికి రెట్టింపు తింటాది. మజ్జిగతో ఆగదు,” అన్నాను.

“మాత్ర ఆపితే ఆకలి తగ్గాల. పెరగకూడదు. యాడనో ఒక తావ నుంచి ఆ మందు ఆమెకు పోతాండాది. నేను అడిగితే చెప్పరు. అరిచినోళ్ళం గదా. నువ్వు ఒకసారి అడిగి చూడు.”

ఆ సాయంత్రం నేను, చెంగమ్మ ఎదురెదురుగా కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాము.

“చెంగమ్మా, ఆ పిల్లకు అంబలిలో ఏం కలపతాండావు?”

ఆమె చెయ్యి ఆగలేదు. “ఉప్పు.”

“ఉప్పుకు మొగం ఉబ్బదు.”

“నీకెందుకక్కా. తింటాండాది, తిరగతాండాది. దిష్టి పెట్టొద్దు.”

“ఆ డాక్టరమ్మ మద్రాసుకు పంపనంటాండాది. ఆమెకు నువ్వు చెప్పకపోతే పాయె, నాకు చెప్పు.”

చెంగమ్మ చింతపండు పక్కన పెట్టింది. వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అంది. “చెప్తే గుణం పోతాదక్కా. ఆయప్ప మరీ మరీ చెప్పినాడు. ఇంగ్లీషు డాక్టరు చెవిన పడితే మందు మట్టయిపోతాదంట. కొడుక్కు గూడా చెప్పలే నేను. నా ప్రాణం పోయినా చెప్పగూడదనుకున్నా.”

“ఎవురాయప్ప?”

“రైలు స్టేషను కాడ. మూలికలిస్తాడు. ఈ ఆసుపత్రి గేటు కాడనే ఒకామె చెప్పింది, వాళ్ళాయనకు లేచి నడిచే గుణం వచ్చిందని.”

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పసరు మందుకు ఆకు పేరు చెప్పకపోవడం మా తట్టు ఈనాటిది కాదు. కామెర్లకు, పాము కాటుకు, కట్టు కట్టడానికి ఊళ్ళలో మనుషులు ఉండేవాళ్ళు. పేరు చెబితే గుణం పోతుందని వాళ్ళు నమ్మారు, మేమూ నమ్మాము. ఆ నమ్మకం తప్పో ఒప్పో నేను తేల్చలేను. చెంగమ్మ నమ్మింది దాన్నే. మోసగాడికి ఇంతకంటే మంచి తాళం ఎక్కడ దొరుకుతుంది? తన దొంగతనానికి కాపలాగా మా పెద్దల ఆచారాన్నే నిలబెట్టాడు. ప్రేమ ఉన్నవాళ్ళ నోరే గట్టిగా మూసుకుంటుందని వాడికి బాగా తెలుసు.

చెంగమ్మ కొంగుముడి విప్పి నల్లటి పొడి పొట్లం నా చేతిలో పెట్టింది. మర్నాడు డాక్టరమ్మ దాన్ని మందుల తయారీ నేర్పే కాలేజీలో తనకు తెలిసిన పంతులమ్మకు ఇచ్చి పరీక్ష చేయించింది. బొగ్గుపొడి, ఏవో ఎండాకులు, వాటిలో నూరి కలిపిన స్టెరాయిడ్ మాత్రలు. డాక్టరమ్మ మెల్లమెల్లగా తగ్గించి ఆపిన మందే. వాడు కొలత లేకుండా పోశాడు.

“అయితే ఈ పొద్దు నుంచి ఆపేస్తాం మేడమ్. మద్రాసుకు పంపించండి,” అని గంగాధరం చేతులు జోడించాడు.

“ఉన్నట్టుండి ఆపితే మనిషి పడిపోతాది గంగాధరం. మళ్ళీ మొదటి నుంచి మెల్లగా తగ్గించాల. ట్రయల్‌లో చేరేదానికి వాళ్ళకొక గడువు ఉంటాది. వాళ్ళను అడుగుతాను.” ఆమె అడిగింది. ఒకసారి కాదు, చాలాసార్లు ఫోను చేసింది. ఈలోపల మళ్ళీ స్కానింగ్ తీశారు. గడ్డ మళ్ళీ మొలిచింది. వాపు పెరిగింది. ఇప్పుడు స్టెరాయిడ్ లేకుండా ఆమె కళ్ళు తెరిచి ఉండలేకపోయేది. ఆ మాత్ర ఉంటే ట్రయల్‌లో చేర్చుకోరు.

డాక్టరమ్మ నా దగ్గర నిజం దాచలేదు. “ఆ పొడి లేకపోయినా గడ్డ పెరిగేదేమో పెద్దమ్మా. ఆ సూదిమందు పనిచేసేది కాదేమో. అది ఎవురూ చెప్పలేరు. కానీ ప్రయత్నం చేసేదానికి ఒక్క దావ ఉండె. అది మూసుకుపోయింది.”

గంగాధరాన్ని తీసుకుని స్టేషను దగ్గరికి వెళ్ళాను. పాత లాడ్జీ, మేడ మీద గది. వరండాలో జనం బెంచీల మీద, నేల మీద కూర్చుని ఉన్నారు. లోపల ఇస్త్రీ చొక్కా వేసుకున్న నలభై ఏళ్ళ మనిషి, నుదుట బొట్టు, మాట మెత్తన.

“రాండమ్మా, ఎవురికి బాగలేదు?”

“ఎవురికీ బాగలేక రాలేదు. నువ్విచ్చే పొడిలో ఏముందో అడగను వచ్చినాను.”

“అది గురువు ఆన. చెప్పకూడదు.”

“మా ఊర్లో కామెర్లకు పసరు పోసే పెద్దాయన ఉండె. ఆయనా పేరు చెప్పలే. కానీ ఎవురి కాడా వక్కపలుకు గూడా తీసుకోలే. ఏమన్నా మాత్రలు మింగతాండారా అని ముందు అడిగేటోడు. మింగతాంటే పసరు పోసేటోడే కాదు. కోడలి కోసమని నీ కాడ పొడి తీసుకుపోయిన చెంగమ్మను, ఈయన తల్లిని, నువ్వు అడిగినావా?”

అతను చిరునవ్వు నవ్వాడు. “పాప తినిందా లేదా? లేచి తిరిగిందా లేదా? ఆ డాక్టరు ఇస్తే మందు, నేనిస్తే విషమా తల్లీ?”

అంటే వాడికి తెలుసు. తను పోస్తున్నది ఏమిటో తెలిసే పోస్తున్నాడు.

“ఆ డాక్టరమ్మ మందు పేరు చెప్పి ఇచ్చింది. ఎంత ఇయ్యాల్నో, ఎప్పుడు ఆపాల్నో, ఆపితే ఏమైతాదో చెప్పి ఇచ్చింది. నువ్వు కండ్లకు గంతలు కట్టి పోసినావు. ఆ పాపకొక దావ ఉండె. దానికి అడ్డం పడినావు.”

అతను నాతో మాట్లాడటం మానేసి వరండాలో ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. “సూసినారా, ఆసుపత్రోళ్ళు మనుషుల్ని పంపిస్తాండారు. నా పేరు పెరగడం వాళ్ళకు గిట్టదు.”

వరండాలో అందరూ నా వైపు కోపంగా చూశారు. చంకలో బిడ్డను పెట్టుకున్న ఒకామె, “పోమ్మా నువ్వు, మా వంతు దాటిపోతాది,” అంది. ఆ బిడ్డ బుగ్గలు కూడా గుండ్రంగా నిండి ఉన్నాయి. ఎందుకు నిండాయో నాకు తెలియదు. తెలియదు కాబట్టే ఆ ముఖం నన్ను ఇన్నేళ్ళయినా వదలలేదు. గంగాధరం నా చెయ్యి పట్టుకుని కిందికి తీసుకువచ్చాడు.

డాక్టరమ్మ పైవాళ్ళకు ఫిర్యాదు రాసింది. మందుల తనిఖీవాళ్ళు వచ్చేసరికి గదికి తాళం వేసి ఉంది. ఇంకో ఊళ్ళో, ఇంకో పేరుతో మళ్ళీ దుకాణం పెట్టాడని తర్వాత ఎవరో చెప్పారు. వాడికి పట్టిన శిక్ష ఒక గది ఖాళీ చేయడం, అంతే.

అయితే నా కోపం వాడొక్కడి మీదే అయితే ఈ పాటికి చల్లారేది. ఇంకొకటి ఉంది.

ఇక మద్రాసు లేదని తేలాక రెడ్డెమ్మకు ఏం చెప్పాలి అని గంగాధరం, చెంగమ్మ మళ్ళీ గుసగుసలు మొదలుపెట్టారు. నీరు ఎక్కువయిందని చెబుదామన్నాడు అతను. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. “ఇంతవరకు మీరు చెప్తారని వదిలిపెట్టినాను. అది నా తప్పు. ఇంక ఆమెకు నేనే చెప్తాను,” అంది. గదిలోకి వచ్చి మంచం పట్టె మీద కూర్చుని, రెడ్డెమ్మ చెయ్యి పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గడ్డ, గ్రేడ్ ఫోర్, మద్రాసు, అంబలిలో పొడి. నేను గడపలో నిలబడి ఉన్నాను.

రెడ్డెమ్మ ఏడవలేదు. భర్త వైపు చూసింది.

“నీకెప్పుడు తెలుసు?”

“ఆపరేషన్ నాడే.”

“అత్తకు?”

“తెలుసు.”

“మా అమ్మోళ్ళకు?”

అతను తల ఊపాడు.

“అట్లయితే మన ఊర్లో పాలుపోసేటోడికి గూడా తెలిసుంటాది. తలకాయ నాది. నాకు తప్ప అందరికీ తెలుసు.” తర్వాత అత్త వైపు తిరిగింది. “అంబలి చేదుగా ఉండాదని నిన్ను ఎన్నితూర్లు అడిగినానత్తా? బలానికి అన్నావు. గడ్డ ఉండాదని నాకు తెలిసుంటే, ఒక మాత్ర ఆపితేనే నాకు దావ ఉండాదని తెలిసుంటే, ఆ చేదేందో ఈ డాక్టరమ్మను అడగకుండా ఉందునా? నీరు చేరిందంటే ఎవురేం పోసినా తాగినాను.”

చెంగమ్మ నేల మీద కూలబడింది. “నిన్ను సంపుకోవాలని పోసినానా తల్లీ?”

“లేదత్తా. బతికించుకోవాలనే పోసినావు. అందుకే నీ మీద కోపం చేసుకునేదానికి గూడా లేకుండా పోయింది నాకు.”

పొడి ఇచ్చినవాడు ఒక నోరు మూయించాడు. అంతకుముందే రోగం పేరు దాచి, అడగవలసిన మనిషి నోటికే అందరూ కలిసి గుడ్డ కట్టారు. ఆ గుడ్డ లేకపోతే వాడి పొడి పది రోజులు కూడా సాగేది కాదు. ప్రేమ అనే పేరు పెట్టి మనం చేసే ఈ పనిని ఇంకా ఎంతమంది మీద చేస్తామో, దాన్ని మర్యాద అనీ జాగ్రత్త అనీ ఇంకా ఎన్నాళ్ళు చెప్పుకుంటామో.

వాళ్ళు ఊరికి వెళ్ళిపోయే ముందు డాక్టరమ్మ ఇంకోసారి వచ్చింది. రెడ్డెమ్మ గడ్డ ముక్క మద్రాసులో ఇంకా ఐసులోనే ఉంది. ఆమెకు దానితో సూదిమందు చేయలేరు. పరిశోధనకు ఉంచుకోవచ్చునా అని వాళ్ళు అడుగుతున్నారు. ఈసారి డాక్టరమ్మ గంగాధరం వైపు చూడలేదు. రెడ్డెమ్మనే అడిగింది.

“దాంతో ఏం చేస్తారు?” అంది రెడ్డెమ్మ.

“కావలి కణాలు దాన్ని ఎందుకు గుర్తుపట్టలేకపోతాండాయో చూస్తారు. ఎట్లా నేర్పిస్తే గుర్తుపడతాయో చూస్తారు.”

“ఇది బిడ్డలకు గూడా వస్తాదా?”

“వస్తాది. బిడ్డలకు వచ్చేవాటిలో ఇంతకంటే మొండివి గూడా ఉండాయి.”

రెడ్డెమ్మ మంచం మీద లేచి కూర్చుంది. “ఉంచుకోండి. ఊరికే ఇయ్యను. ఏం తేలిందో నాకు చెప్పాల.”

డాక్టరమ్మ తల దించుకుంది. “తేలేసరికి ఏండ్లు పడతాది రెడ్డెమ్మా.”

“అట్లనా.” ఆమె నా వైపు చూసింది. “అయితే ఈయమ్మకు చెప్పండి. మా ఇంట్లోవాళ్ళకు వద్దు. వాళ్ళు మళ్ళీ దాచిపెడతారు.”

డాక్టరమ్మ పలక మీద కాగితం పెట్టి ఇచ్చింది. రెడ్డెమ్మకు కుడిచెయ్యి అప్పటికే స్వాధీనం తప్పింది. ఎడమచేత్తో, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. గంగాధరం పలక పట్టుకోబోతే వద్దంది. వాళ్ళు ఊరికి వెళ్ళిపోయాక, కార్తీకమాసంలో ఆమె పోయిందని కబురు వచ్చింది.

ఆ తర్వాత నా మెస్సులో పద్ధతి మారింది. గదిలో దిగినవాళ్ళలో రోగి ఎవరో వాళ్ళనే ముందు కూర్చోబెడతాను. ఏ మాత్ర మింగుతున్నావు, ఏ పసరు తాగుతున్నావు, నీకేం జబ్బని చెప్పారు అని అడుగుతాను. పక్కన ఉన్న మొగుడో కొడుకో అందుకుని జవాబు చెబితే, “నిన్ను కాదు అడిగింది,” అంటాను. రోగి నోటితో జవాబు వచ్చేదాకా విస్తరాకు వేయను. పసరు పోయిస్తున్నామంటే తిట్టను. తిడితే రేపటి నుంచి దాస్తారు. పొట్లం తెచ్చి డాక్టరుకు చూపించు అంటాను. ఇందుకు కొందరు కోపగించి వేరే మెస్సుకు వెళ్ళారు. వెళ్ళనీ.

వసంతమ్మ కొన్నాళ్ళకు వేరే ఊరికి మారిపోయింది. వెళ్ళేముందు మద్రాసువాళ్ళకు నా పేరు రాసి ఇచ్చానంది. ఎవరూ ఏమీ చెప్పలేదు. మెదడు వార్డుకు కొత్త డాక్టరు వచ్చినప్పుడల్లా నేను అడుగుతూనే ఉన్నాను. ఒకాయన ఓపికగానే చెప్పాడు. “అట్లాంటి పరిశోధనల్లో ముక్క ఇచ్చిన ప్రతి మనిషికీ చెప్పే పద్ధతి లేదమ్మా.”

“లేకపోతే పెట్టండి. ఆమె అడిగి ఇచ్చింది, మీరు ఒప్పుకుని తీసుకున్నారు,” అన్నాను.

ఇది చదివేవాళ్ళలో అట్లాంటి పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు నా మాట ఇదే. మందు దొరికిందని చెప్పమని నేను అడగడం లేదు. ఏమీ తేలలేదంటే తేలలేదనే చెప్పండి. అది కూడా జవాబే. దాన్ని దాచిపెట్టవద్దు. నేను ఎక్కడికీ పోలేదు, ఈ పొయ్యి దగ్గరే ఉన్నాను.